మేము అంటే ఎంతమంది

నేను చేశాను, నేను చూశాను, నేను కనిపెట్టాను, నేను, నేను, నేను, ఇలా లోలోపల అనుకుంటూ ఉంటే ఆ మాటే ఏదో తప్పు మాటలా వినిపించడం మొదలైంది, పెదాలు కూడా కదులుతున్నాయో ఏమో, రిసెప్షన్ అమ్మాయి ఇటే చూస్తోంది, గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు మొహం పెట్టాను, పోస్టర్లో ఒకావిడ తెల్ల దుప్పటి దులుపుతూ పగలబడి నవ్వుతోంది, దుప్పటి దులిపితే అంత నవ్వు ఎలా వస్తుందో నాకు ఈ జన్మకి అర్థం కాదు. ఈ సోఫా ఒకటి, కూర్చున్నప్పటినుంచి నన్ను కొద్దికొద్దిగా మింగుతోంది, మోకాళ్లు గడ్డం దాకా వచ్చేశాయి, లోపలికి రమ్మని పిలిస్తే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగాలి. ఇది బట్టలుతికే సబ్బు పొడి తయారుచేసే కంపెనీ, నేనేమో పొడులు ఎందుకు గడ్డకడతాయో ఏడేళ్లు చదివి డాక్టరేట్ పుచ్చుకున్న మనిషిని, ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే పెళ్లిచూపుల్లోనే సంబంధం కుదిరిపోవాలి, కానీ అప్లికేషన్లో పరిశ్రమలో అనుభవం అని ఒక గడి ఉంది, అందులో సున్నా వేయాల్సొచ్చింది, అంత గుండ్రటి సున్నా నా చేత్తో నేనెప్పుడూ వేయలేదు. ఇవాళ ఈ ఉద్యోగం రాకపోతే రేపు పొద్దున్నే మా గైడు గారికి సరేనని చెప్పాలి, "ఇంకో ఏడాది ల్యాబులోనే ఉండమ్మా, నువ్వెక్కడికి పోతావులే" అన్నారాయన, ప్రేమగానే అన్నారు, పోయినేడూ అదే ప్రేమ, అంతకుముందూ అదే, ఆ ప్రేమ తలుచుకుంటేనే నాకు ఒళ్లు చల్లబడుతుంది.

అసలు ఈ నేను జపం మా ఆయన పెట్టిన పాఠం. ఆయన మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగి మందులు అమ్ముతాడు, నోట్లోంచి మాట వచ్చేలోపే అవతలివాళ్లు తల ఊపేస్తారు, అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని వింటుండగా నేను ఈ కంపెనీ హెచ్ఆర్ ఆవిడతో స్పీకర్ పెట్టి మాట్లాడాను. పోయిన వారం సంగతి. మేము మూడు రకాల పొడులు తీసుకున్నాం, మేము వాటిని తేమలో పెట్టాం, మేము బరువు కింద ఉంచి చూశాం అని ధారాళంగా చెప్పుకుపోతుంటే ఆవిడ చాలా మెచ్చుకుని "మీ టీములో ఎంతమంది మేడమ్?" అంది. "ఒక్కదాన్నే అండి" అన్నాను. ఆవిడ ఎంతో మర్యాదగా "మరి మేము అంటే ఎంతమంది మేడమ్?" అంది. ఎంతమందని చెప్పను, నేనూ, జల్లెడ ఊపే మిషనూ, పొడులకి తేమ పట్టించే, తలుపు సరిగ్గా పడని పెట్టె ఒకటీ, ఆ తలుపుకి కట్టిన రబ్బరు బ్యాండూ. తప్పు నాది కాదు, మా గైడు గారిది. మొట్టమొదటి ఏడాది నేను రాసిన మొట్టమొదటి పేజీలో నేను అన్నచోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసి "ఈ నేను ఎవరమ్మా? సైన్సులో నేను ఉండదు" అన్నారు, అప్పుడు పోయిన నేను మళ్లీ తిరిగి రాలేదు. ఇంట్లోనూ అంతే. కూర మాడితే "మేము గమనించినంతలో అడుగంటినట్టు కనిపిస్తోంది" అంటానని మా ఆయన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు, అది అబద్ధం కాదు, ఒకసారి అన్నాను. ఆ ఫోను పెట్టేశాక మాత్రం నవ్వలేదు. "నువ్వు చేసిన పని ఎవడో చేశాడన్నట్టు చెబుతావేంటే? నేను అను. నోరు నిండా అను" అన్నాడు, ఆ రోజునుంచి భోజనాల దగ్గర నేను మేము అన్నప్పుడల్లా చెంచాతో పళ్లెం మీద టంగుమని కొట్టేవాడు, నాలుగు రోజులకి మా అత్తయ్య చెవులు మూసుకుని "ఏంట్రా ఈ గోల, ఇది ఇల్లా స్కూలా" అని చెంచాలన్నీ తీసి లోపల పెట్టేసింది.

మా అత్తయ్యకి నా చదువంటే గౌరవమే, దేనికి పనికొస్తుందో తెలియదంతే. పెళ్లయి వచ్చిన కొత్తలో "దేనిమీద చదువుతున్నావమ్మాయ్?" అని అడిగితే ఉప్పూ పంచదారా లాంటివి తేమకి ఎందుకు గడ్డకడతాయో చూస్తున్నానని చెప్పాను, ఆవిడ నా వైపు జాలిగా చూసి "ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తే సరిపోయేదానికి ఏడేళ్లా?" అంది, అప్పటికింకా మూడేళ్లే అయ్యాయి, ఏడని ఆవిడకెలా తెలిసిందో. పట్టా వచ్చిన రోజు అడిగింది, "అయితే ఇక ఉప్పు గడ్డకట్టదా?" అని. "కడుతుంది అత్తయ్యా. ఎందుకు కడుతుందో తెలుసు, అంతే" అన్నాను, "సరేలే, నీళ్లు తాగు" అంది. ఆఖరి పరీక్ష రోజున వెనక కుర్చీలో కూర్చుంది కూడా, వద్దన్నా వచ్చింది, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "మీ ఫలితాలను మీరు పూర్తిగా నమ్ముతున్నారా?" అన్నాడు, నేను "లేదండీ, నాలుగో అధ్యాయం మీద నాకే అనుమానం ఉంది, అది ఇంకోసారి చేసి చూడాలి" అన్నాను, ఆయన మొహం వెలిగిపోయింది, గైడు గారు కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నారు, అదే క్షణంలో వెనకనుంచి మా అత్తయ్య "కొంప ముంచింది" అనడం గదంతా విన్నది. ఆవిడ నేను తప్పాననే అనుకుంది, బయట అందరూ కరచాలనాలు చేస్తుంటే కూడా, పాపం పిల్లని ఓదారుస్తున్నారనుకుంది. ఇప్పుడు ఇదే మాట ఇవాళ ఇక్కడ అంటే? మా ఆయన పొద్దున గుమ్మం దగ్గర వేలు చూపించి మరీ చెప్పాడు, అనుమానం ఉందనకు, తెలియదనకు, ఇంకోసారి చేసి చూడాలి అని అసలే అనకు. ఈ మూడూ తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుందో నాకు తెలియడం లేదు.

ఎదురు సోఫాలో ఇంకో అభ్యర్థి ఉన్నాడు, ఆ సోఫా అతన్ని మింగడం లేదు, బూట్లు తళతళ మెరుస్తున్నాయి, ఇందాకటినుంచి ఫోన్లో ఎవరితోనో "ఆ ప్లాంటు నేనే నిలబెట్టాను, ఆ లైను నేనే నడిపించాను" అంటున్నాడు, ఎంత సులువుగా వస్తోందో ఆ నేను, నోట్లో చాక్లెట్ చప్పరించినట్టు. నా కడుపులో మంట. అసూయే, దాచుకోవడమెందుకు. అతన్ని లోపలికి పిలిచారు, లేచాడు, అంత హాయిగా లేవచ్చా సోఫాలోంచి, తలుపు మూసుకుంది, ఇంకో అరగంట అతనే, ఆ తర్వాత నేను. నేను ఏం చెప్పాలి? ఏడేళ్లలో ఏం నేర్చుకున్నానని అడిగితే? జల్లెడ ఊపడం నేర్చుకున్నాను. స్టోర్సు గుమస్తా చేతిలోంచి బల్బు రాబట్టడం నేర్చుకున్నాను, ఆయన్ని బల్బు అడగకూడదు, ముందు ఆయన నడుం నొప్పి అడగాలి, తర్వాత ఆయన కూతురి చదువు, తర్వాత వచ్చేయబోతూ గుమ్మం దగ్గర గుర్తొచ్చినట్టు బల్బు, అప్పుడు రెండిస్తాడు. తిట్లు తినడం నేర్చుకున్నాను, అబ్బో అది బాగా నేర్చుకున్నాను, జర్నలుకి పేపరు పంపితే అచ్చుకి పనికొస్తుందో లేదో చూసి చెప్పే ఇద్దరిలో మొదటి రివ్యూయరు బాగుందంటాడు, రెండో రివ్యూయరు అసలీ పని ఎందుకు చేశారో అర్థం కాలేదంటాడు, పన్నెండో పేజీలో రాసినదాన్ని ఎందుకు రాయలేదని అడుగుతాడు, ఆయన మొహం ఎలా ఉంటుందో తెలియదు, పేరు తెలియదు, ఎక్కడో భోంచేసి తీరిగ్గా కూర్చుని నా ఏడాది పనిని ఉప్మా కూడా కాదన్నట్టు పక్కకి నెట్టేస్తాడు, నేను ఒక పూట ఏడ్చి, మర్నాడు మొహం కడుక్కుని "మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు" అని రాస్తాను. ఇవన్నీ ఇంటర్వ్యూలో చెప్పేవేనా? పొడులు ఒకదానికొకటి అతుక్కునే తీరు చెప్పాలి, బొమ్మ గీసి చూపించాలి, కానీ వాళ్లకి కావలసింది ప్లాంటు నిలబెట్టినవాడు, నేను నిలబెట్టింది ఒక పెట్టె తలుపు.

అప్పుడు పక్క తలుపు భళ్లున తెరుచుకుంది. ఇద్దరు మనుషులు, ముందు వచ్చినాయన చేతిలో సబ్బు పొడి ప్యాకెట్టు, వెనక వస్తున్నాయన తలకి ప్లాంటులో పెట్టుకునే నీలం టోపీ, మనిషి పీపాలా ఉన్నాడు. ముందాయన ప్యాకెట్టుని రిసెప్షన్ బల్ల మీద పడేస్తే ఠప్పుమని రాయి పడ్డట్టు చప్పుడొచ్చింది, ఆ అమ్మాయి ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఇది పొడా? దీంతో గోడ కట్టుకోవచ్చు! ఊళ్లో డీలర్లకి నేను మొహం ఎలా చూపించాలి?" అన్నాడాయన, అంటే సేల్సు మనిషి. టోపీ ఆయన "నా ప్లాంటులోంచి పొడిగానే వెళ్లింది సార్, మీ డీలరు గోడౌను పైకప్పు కారుతోందేమో ముందు చూసుకోండి" అన్నాడు, అంటే ప్రొడక్షన్ మేనేజరు. "తిరిగొచ్చినవన్నీ నేనే కూర్చుని తెరిచాను! ఒక్కటి కూడా వదల్లేదు! అన్నీ గడ్డలే! ఇంకేం రుజువు కావాలి మీకు?" అన్నాడు సేల్సాయన. నాకు ఎక్కడో దురద పుట్టింది. చర్మం మీద కాదు, ఇంకెక్కడో, థీసిస్ రాసేటప్పుడు పుట్టే చోట. ఊరుకో, అనుకున్నాను, వీళ్లిద్దరిలో ఎవరైనా లోపల ఇంటర్వ్యూ చేసేవాళ్లు కావచ్చు, ఊరుకోవే, పోస్టరు చూడు, దుప్పటి చూడు. అన్నీ తెరిచాడట. తిరిగొచ్చినవన్నీ. గడ్డకట్టాయనే కదా అవి తిరిగొచ్చింది, వాటిని తెరిస్తే గడ్డలు కాక పూలుంటాయా? ల్యాబులో నేను పాఠం చెప్పే మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఇలా చేయరు, చేస్తే నేనైతే రెండు మార్కులు కోసి, నోరు జారింది.

"తిరిగి రాని ప్యాకెట్లు ఎవరైనా తెరిచారా అండీ?"

ఇద్దరూ అటూ ఇటూ చూశారు, గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, నేను సోఫాలో అంత లోతున ఉన్నాను. "ఎవరండీ మీరు?" అన్నాడు మేనేజరు. పొడుల మీద డాక్టరేట్ చేశానని, ఇంటర్వ్యూకి వచ్చానని చెప్పాను. "బాగున్నవాటిని తెరిచి ఏం చేస్తాం?" అన్నాడు సేల్సాయన. "బాగున్నాయని తెలుస్తుంది" అన్నాను, తర్వాత ఆగలేక "లేకపోతే బాగాలేవని తెలుస్తుంది" అని కూడా అన్నాను. సేల్సాయనకి కోపం నషాళానికి అంటింది. "ఈ చదువుకున్నవాళ్ల కబుర్లు వినడానికి నాకు టైం లేదు, అసలు మీ ప్రశ్నే నాకు అర్థం కాలేదు" అన్నాడు, ఆ మాట వినగానే నాకు ఆయన ఎవరో తెలిసిపోయింది, రెండో రివ్యూయరు! ఇన్నేళ్లకి మొహం కనిపించింది, మీసాలున్నాయి, ఇంత మామూలు మనిషా. నా నోరు దానంతటదే పనిలో దిగింది. "మీరన్నది చాలా విలువైన మాటండీ, మీరు అంత ఓపిగ్గా అన్నీ తెరిచారు కాబట్టే ఈ ప్రశ్న అడగగలిగాం. ఇదే బ్యాచ్‌వి బయటికి వెళ్లనివి ఇక్కడ ఏమైనా మిగిలాయా?" నన్ను తిట్టడానికి ఆయనకి ఎక్కడా పట్టు దొరకలేదు. మేనేజరు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు, "ఉన్నాయి, గోడౌన్లో ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు" అని నా వైపు చెయ్యి చాచాడు, ఆ చెయ్యి పట్టుకుని సోఫాలోంచి బయటపడ్డాను, లోపల తళతళ బూట్ల ఇంటర్వ్యూ ఇంకా నడుస్తూనే ఉంది, పది నిమిషాల్లో వచ్చేస్తానని రిసెప్షన్ అమ్మాయికి చెప్పాను, నాకే నమ్మకం లేదు.

గోడౌన్లో అట్టపెట్టెలు నా తల కంటే ఎత్తు పేర్చి ఉన్నాయి, ఆ వాసనకి ముక్కులు పగిలిపోతున్నాయి, మేనేజరు పై పెట్టె దించి రెండు ప్యాకెట్లు కత్తిరించాడు, పొడి జలజలా జారింది, "చూశారా!" అని సేల్సాయన మీద విరుచుకుపడ్డాడు. "ఇవి పై వరుసవి కదండీ, అట్టడుగువి కూడా తీద్దామా" అన్నాను. అట్టడుగువి తీయడానికి పైవన్నీ దించాలి, ఇద్దరూ కలిసి దించారు, పోట్లాడుకుంటూనే దించారు. కింద ప్యాకెట్టు కోస్తే పొడి రాలేదు, గడ్డ వచ్చింది, నేల మీద పడి దొర్లింది. ఇప్పుడు చూశారా అనడం సేల్సాయన వంతు. మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు, ఆయన ఆ గడ్డనే చూస్తున్నాడు, పాపం అనిపించింది, నేనూ ఎన్నిసార్లు అలా జల్లెడ వైపు చూస్తూ నిలబడ్డానో. "ఆగండాగండి, మూడే చూశాం. మనకింకా ఏమీ తెలియదు" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానంటే ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. "మీరు డాక్టరేట్ అంటున్నారు కదా, ఏం చెబుతుంది మీ చదువు?" అన్నాడు మేనేజరు. తేమ అని చెప్పచ్చు. ఏడేళ్ల తేమ నా నాలుక చివర్నే ఉంది, నోరు నిండా నేను అని మొదలుపెట్టి ఉపన్యాసం ఇవ్వచ్చు. "తేమ కావచ్చు, పైనున్న బరువు కావచ్చు, రెండూ కావచ్చు. నాకు తెలియదండీ. ఎలా తెలుసుకోవాలో మాత్రం తెలుసు, ఇంకొన్ని తెరవాలి" అన్నాను. మా ఆయన వద్దన్న మూడు మాటల్లో ఎన్ని అనేశానో లెక్క చూసుకోలేదు, ఆయన అక్కడుంటే చెంచా విరిగిపోయేది.

తర్వాత జరిగింది నాకు కొంచెం కొంచెమే గుర్తుంది, ఎందుకంటే నేను అక్కడ లేను, పనిలో ఉన్నాను. మూడు ఎత్తులనుంచి పెట్టెలు, ప్రతి పెట్టెలోంచి కళ్లు మూసుకుని చేతికందిన ప్యాకెట్లు, మంచివి ఏరితే ఒప్పుకోను, చెడ్డవి ఏరినా ఒప్పుకోను, అన్నీ ఒకే ఎత్తునుంచి, ప్లాంటులోంచి తెప్పించిన ఒకే జల్లెడలో పోయాలి, అన్నిటినీ ఒకే లెక్కన ఊపాలి, మేనేజరు మొదట ఇష్టం వచ్చినట్టు ఊపాడు, మా మొదటి సంవత్సరం పిల్లలతో మాట్లాడే గొంతుతో "అలా కాదు, మళ్లీ" అన్నాను, ఆయన మారు మాట్లాడకుండా మళ్లీ ఊపాడు. సేల్సాయనకి గుర్తులు పెట్టే పని ఇచ్చాను, ఏ ప్యాకెట్టు ఏ వరుసదో జల్లెడ పట్టేవాళ్లకి చెప్పకూడదని చెబితే ఆయన కళ్లు మెరిశాయి, రహస్యం కాపాడటం అంటే ఆయనకి చాలా ఇష్టం ఉన్నట్టుంది, ప్యాకెట్టు వీపు వెనక దాచుకుని మరీ ఇస్తున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతుల దాకా తెల్లగా, తుమ్ముకుంటూ, నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఇదేనా పరిశ్రమ? ఇది నాకొచ్చు! ఇంతకాలం ఇది చదువు వల్ల పట్టుకున్న రోగం అనుకున్నాను, ఏదీ వెంటనే నమ్మకపోవడం, బాగున్నదాన్ని కూడా కోసి చూడటం, అరిచేవాడి అరుపులో పనికొచ్చే ముక్క ఏరుకోవడం, ఇంట్లో అందరూ దానికి మందేయాలని చూశారు, నేనూ చూశాను, ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులు ఆ రోగం అంటించుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. ఏడేళ్లూ ఎక్కడికీ పోలేదు. నా చేతుల్లోనే ఉన్నాయి.

"మేడమ్!" అని కేక. హెచ్ఆర్ ఆవిడ, ఫోన్లో గొంతు ఇదే, గుమ్మంలో నిలబడి కొంగ కాలు ఎత్తినట్టు ఒక కాలు ఎత్తి పెట్టుకుంది, నేలంతా పొడి. "మిమ్మల్ని బిల్డింగంతా వెతుకుతున్నాం! మీ టైం ఎప్పుడో దాటిపోయింది, పైన డైరెక్టర్ గారు చిరాకు పడుతున్నారు, మీరు ఇక్కడ ఏం చేస్తున్నారు?" పోయింది ఉద్యోగం, అనుకున్నాను, ఇంకో ఏడాది ల్యాబు, ఇంకో ఏడాది ప్రేమ. లేవబోతే మోకాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను, క్షమించండి నేను, అని మొదలుపెట్టాను, ఆ నేను గొంతులోనే అతుక్కుపోయింది. మేనేజరు జల్లెడ ఊపడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. "కాసేపు ఆగమనండి. మేము నడి వరుస తెరుస్తున్నాం" అన్నాడు. మేము. ఆవిడ అందులో లేదు, నేనున్నాను. ఇన్నేళ్లూ ఆ మాటని నేను ఒంటరిగా మోశాను, అటువైపు ఇంకెవరైనా పట్టుకుంటే ఎంత తేలికగా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

"సార్, ఆవిడని మనం ఇంకా ఉద్యోగంలోకి తీసుకోలేదండీ!" అంది హెచ్ఆర్ ఆవిడ.

ఈసారి ఆయన తల ఎత్తాడు. కనుబొమల మీద కూడా సబ్బు పొడి ఉంది. నన్ను చూశాడు, వీపు వెనక ప్యాకెట్టు దాచుకుని ఉన్న సేల్సాయనని చూశాడు, ఇంకా తెరవాల్సిన పెట్టెల వైపు చూశాడు.

"మరైతే పైకి తీసుకెళ్లి తొందరగా ఆ పని కానిచ్చేయండి, ఇక్కడ పని ఆగిపోతోంది" అన్నాడు.